రెండో అంతస్తులో ఫ్రిజ్

ఆ మేడ రెండో అంతస్తు వాటాలో ఎవరూ ఏడాది నిలవరని వీధిలో అందరికీ తెలుసు. మెట్ల మీద కాదు, పడగ్గదిలో కాదు... భయమంతా వంటింట్లోనే. అర్ధరాత్రి దాటాక అక్కడ ఎవరో గటగటా నీళ్ళు తాగుతారట. ఆ తర్వాత ధడ్‌మని ఏదో కూలబడుతుందట. కాసేపాగి, వేళ్ళు విరుచుకున్నట్టు టిక్... టిక్... మని చప్పుడు. దీపం వేసి చూస్తే ఎవరూ ఉండరు. మూలన ఒక పాత ఫ్రిజ్ మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది.

ఆ ఫ్రిజ్ ఒక ముసలావిడది. ఆ వాటాలోనే ఒంటరిగా బతికి, అక్కడే పోయింది. చుట్టాలొచ్చి సామానంతా పట్టుకుపోయారు గానీ, ఫ్రిజ్‌ని రెండంతస్తులు దింపే ఓపిక ఎవరికీ లేకపోయింది. తర్వాత అద్దెకొచ్చిన వాళ్ళంతా దాన్నే వాడుకున్నారు. అంతా ఒకటే మాట చెప్పి ఖాళీ చేశారు. "ఆవిడ ఇంకా వెళ్ళలేదండీ."

ఇదంతా తెలిసే ఒక టైలర్ భార్యతో ఆ వాటాలో దిగాడు. దిగక తప్పలేదు. అక్కణ్ణుంచి ఆస్పత్రికి నడిచి పది నిమిషాలు. ఆ ఆస్పత్రిలో అతని కొడుకున్నాడు.

ఏడో నెలలోనే పుట్టేశాడు. కిలో మీద ఇంకో వంద గ్రాములు, అంతే. గాజుపెట్టెలో పడుకోబెట్టారు. పైన దీపం, కింద ఎడతెగకుండా రొద పెట్టే మిషను, ముక్కులో దారమంత గొట్టం. తల్లిని మధ్యాహ్నం ఒక గంట చూడనిస్తారు, ముట్టుకోనివ్వరు. తండ్రయితే అద్దానికి ఇవతలే. ఎంత జారే గుడ్డనైనా ముడత లేకుండా కుట్టే చేతులు అతనివి. ఆ అద్దం ముందు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలిసేది కాదు.

"మీరు చేయగలిగింది ఒక్కటే," అంది నర్సు. "తల్లిపాలు. వాడు తాగలేడు కాబట్టి గొట్టంలోంచి చుక్కచుక్కగా ఎక్కిస్తాం. ఇంటి దగ్గర తీసిన పాలు సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారగానే ఐసుపెట్టెలో తెచ్చివ్వండి. లోపల వేడి మాత్రం నాలుగు డిగ్రీలు దాటకూడదు."

అని అతని చేతిలో చిన్న థర్మామీటరు పెట్టింది. దాన్ని జేబులో వేసుకుని, పైనుంచి చెయ్యి తియ్యకుండా ఇంటికొచ్చాడు. బిడ్డకి తను చేయగలిగింది ఒకటి దొరికింది... ఒక ఫ్రిజ్‌ని చల్లగా ఉంచడం.

భార్య తిన్నా తినకపోయినా, తెల్లవారుజాము నుంచి రాత్రి పదకొండింటి దాకా మూడు గంటలకోసారి పాలు తీసేది. సీసా మీద కాగితం అంటించి తేదీ, టైమూ వేసేది. బిడ్డకింకా పేరు పెట్టలేదుగా, పేరుండాల్సిన చోట 'మావాడివి' అని రాసేది. అది చదివి నర్సు నవ్వేది.

అయిదు రోజులు బాగానే గడిచాయి.

ఆరో రోజు తెల్లవారుజామున టైలర్ వంటింట్లోకి వెళ్తే... ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల దీపం వెలుగుతోంది. నేలంతా నీళ్ళు. థర్మామీటరు పదిహేడు చూపిస్తోంది.

"నువ్వు సరిగా వెయ్యలేదేమో," అన్నాడు.

"వేశానండీ. రెండుసార్లు నొక్కి మరీ చూశాను."

ఆస్పత్రిలో నర్సు సీసాలు ముట్టుకుని చూసి, నాలుగూ తొట్టిలో ఒంపేసింది.  తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

మర్నాడూ అంతే. మూడోనాడు మెకానిక్‌ని పిలుచుకొచ్చాడు.

మెకానిక్ తలపండిన మనిషి. టార్చిలైటు పళ్ళ మధ్య కరుచుకుని ఫ్రిజ్ వెనక్కి దూరి, ఓ పావుగంటకి బూజు పట్టిన మీసంతో బయటికొచ్చాడు.

"దీని కథలు నేనూ విన్నాను బాబూ. ఒక్కో దయ్యాన్నీ చూపిస్తా, కూర్చో," అన్నాడు. "గటగటా నీళ్ళు తాగేది ఎవరో కాదు, గొట్టాల్లో పారే గ్యాసు. ధడ్‌మని పడేది కంప్రెసరు. దాని కాళ్ళ కింద రబ్బరు అరిగిపోయింది, ఆగినప్పుడల్లా ఊగి తగులుతోంది. టిక్ టిక్ అనేది చలికి బిగుసుకునే ప్లాస్టిక్కు. ముగ్గురూ పోయారా?"

"మరి తలుపో?"

మెకానిక్ మీసం దులుపుకున్నాడు. "తలుపు సంగతి మాత్రం ఇదే వినడం. ఇదివరకు ఉన్నవాళ్ళెవరూ ఆ మాట చెప్పలేదే!"

ఒక కాగితం ముక్క తలుపు సందులో పెట్టి మూసి, పట్టుకు లాగాడు. ఒకచోట బిగువుగా వచ్చింది, ఒకచోట జారిపోయింది. రబ్బరు అంచు జిడ్డుపట్టి ఉంది. గోరువెచ్చటి సబ్బునీళ్ళతో తుడిచి, ఆరబెట్టి, పల్చగా వాజిలీన్ రాశాడు. కంప్రెసరు కాళ్ళకి కొత్త రబ్బర్లు వేశాడు. వెనక జాలీకి పట్టిన దుమ్ము కుంచెతో దులిపాడు. గోడకి నాలుగు వేళ్ళ ఎడం ఉండేలా జరిపాడు. చివరికి ఫ్రిజ్ ముందు కాళ్ళు రెండూ మర తిప్పి కొంచెం లేపాడు. తలుపు సగం తెరిచి వదిలేస్తే... దానంతటదే నెమ్మదిగా వచ్చి టప్‌మని మూసుకుంది.

"ఇక ఇది తనంతట తాను తెరుచుకోదు బాబూ," అన్నాడు సంచీ సర్దుకుంటూ. "ఎవరైనా తెరిచి, పట్టుకుని వెనక్కి నెట్టేస్తే తప్ప."

ఆ మాట తలుచుకుంటూనే టైలర్ పడుకున్నాడు.

తెల్లారి చూస్తే తలుపు గోడకి ఆనేంత వెనక్కి నెట్టేసి ఉంది.

కింద వాటాలో ఇంటావిడ దగ్గరికి పరిగెత్తాడు. "పిన్నిగారూ, మీ ఫ్రిజ్‌లో ఓ మూల చోటివ్వండి. నాలుగు సీసాలు, అంతే."

ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. గొంతు తగ్గించి, "నీకు దణ్ణం పెడతాను నాయనా, ఆ ఫ్రిజ్‌లోవి నా ఇంట్లోకి తేకు," అంది. "ఆవిడకి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. లేచి ఆ తలుపు తీసుకుని, ఆ వెలుగులో అలా కూర్చునుండేది... నేను కళ్ళారా చూశాను."

ఆ రాత్రి భార్య, "నేను మేలుకుంటానండీ, మీరు పడుకోండి," అంది. వంటింటి గడపలో కూర్చుని తెల్లవార్లూ కన్నార్పకుండా చూసింది. ఏమీ రాలేదు, ఏమీ కదల్లేదు. పాలు చల్లగా, చక్కగా ఉన్నాయి. మర్నాటి రాత్రి ఆమె ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. తలుపు తెరుచుకుంది.

"దానికి తెలుసే," అన్నాడు టైలర్. "మనం చూస్తుంటే రాదు."

ఆ సాయంత్రం కొట్లోంచి చేతివెడల్పు నాడా తెచ్చాడు. ఫ్రిజ్ చుట్టూ రెండు చుట్లు తిప్పి, లాగి, ముడి మీద ముడి వేశాడు. కొత్త సీసా పెట్టడానికి రాత్రి పదకొండింటికి ఒకసారి విప్పి, మళ్ళీ కట్టాడు.

తెల్లారేసరికి నాడా లేదు. తలుపు తెరిచి ఉంది. తలెత్తి చూశాడు... ఫ్రిజ్ నెత్తి మీద, అంచుకి అంచు కలిపి శుభ్రంగా మడతపెట్టి ఉంది నాడా.

అతను దాన్ని ముట్టుకోలేదు. తెంపినా, కోసినా ఇంత భయం ఉండేది కాదు. ఎవరో తీరిగ్గా ముడి విప్పారు. మడతపెట్టారు. ఎలకా కాదు, గాలీ కాదు.

ఆ రోజు ఆస్పత్రిలో నర్సు కళ్ళెత్తలేదు. "డబ్బాపాలు పడటం లేదు. పొట్ట ఉబ్బింది. బరువు ముప్ఫై గ్రాములు తగ్గాడు," అంది.

ముప్ఫై గ్రాములంటే ఎంత? అతని కొట్లో రెండు దారపు ఉండలు. అద్దానికి ఇవతల నిలబడి అతను ఆ లెక్కే వేసుకున్నాడు. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఆ రాత్రి భార్యని లోపలి గదిలో పడుకోబెట్టి, ఫ్రిజ్ పిడికి తెల్లదారం కొస కట్టాడు. దాన్ని వంటింట్లోంచి ముందుగదిలోకి లాక్కొచ్చి, చాప మీద పడుకుని, రెండో కొస చూపుడువేలికి చుట్టుకున్నాడు. కళ్ళు మూసుకోకూడదనుకున్నాడు. వారం రోజుల నిద్ర బాకీ... ఎప్పుడు మూతపడ్డాయో తెలీదు.

వేలు కదిలింది.

అతను కదపలేదు.

దారం బిగిసింది... ఆగింది... మళ్ళీ మెల్లగా లాగింది.

 గోడగడియారం రెండు చూపిస్తోంది.  అద్దం అవతల ఆ చిన్న పొట్ట గుర్తొచ్చి, ఎలాగో లేచాడు. దారాన్నే పట్టుకుని, గోడని తడుముకుంటూ, ఊపిరి బిగబట్టి... ఒక్కో అడుగే.

వంటింటి నేల మీద పసుపు వెలుగు పరుచుకుని ఉంది. తెరిచిన ఫ్రిజ్ ముందు ఎవరో నిలబడి ఉన్నారు. జుట్టు విరబోసుకుని, ఇటు వీపు పెట్టి, వంగి రెండు చేతులూ లోపల పెట్టి తడుముతున్నారు. సీసాలు గలగలమంటున్నాయి.

భార్యని కేకేద్దామని నోరు తెరిచాడు. 

అప్పుడా ఆకారం గుసగుసగా అంది —

"చలేస్తోందా నాన్నా..."

ఆ గొంతు అతనికి తెలుసు.

దగ్గరికి వెళ్ళాడు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. అతన్ని చూడటం లేదు. మంచి నిద్రలో ఉంది. ముడి విప్పడం టైలర్ పెళ్ళానికి ఒకరు నేర్పాలా?

"ఏవండీ... లోపలెంత చల్లగా ఉందో చూడండి. ఎవరు పెట్టారు వాణ్ణి ఇందులో? తలుపు వెయ్యకండి. వాణ్ణి తీయండి బయటికి."

పెట్టె. లోపల దీపం. కింద ఆగకుండా రొద. అచ్చం ఆస్పత్రిలో గాజుపెట్టెలాగే. పగలు ముట్టుకోనివ్వని ఆ తలుపుని ఆమె రాత్రి ఇక్కడికొచ్చి తీస్తోంది.

అతను లేపలేకపోయాడు. నీ చేతులతోనే నీ బిడ్డ పాలు పాడవుతున్నాయని ఏ నోటితో చెప్తాడు? ఆమె కాసేపు తడిమి, తడిమి, అలాగే వెళ్ళి పడుకుంది. తలుపు అతనే మూశాడు. పొద్దున్నే ఆమె లేచి భయంభయంగా, "రాత్రి మళ్ళీ తెరుచుకుందా అండీ?" అని అడిగింది.

"లేదు," అన్నాడు.

నర్సుతో చెబితే ఆమె చేతిలో పని ఆపి వింది. "కట్టేయకండి. గభాల్న లేపకండి. పక్కనుండండి, చాలు."

"ఎన్నాళ్ళు సిస్టర్?"

నర్సు గాజుపెట్టె వైపు చూసింది. "అది వాడు చెప్పాలి."

కిందావిడకి కూడా నిజం చెప్పాడు. ఆవిడ విని, కొంగుతో ముక్కు తుడుచుకుని, తన ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం ఖాళీ చేసింది. భార్యకి మాత్రం, మన ఫ్రిజ్‌కి ఇంకా రిపేరుందని చెప్పాడు. రోజూ రాత్రి సీసాలు కిందికి చేరేవి. పైన, ఉత్త ఫ్రిజ్ ఆన్‌లోనే ఉంచి, పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు.

మొదటి రాత్రి రెండు గంటలకి ఆమె వచ్చింది. తలుపు తీసింది. ఖాళీ అరలన్నీ తడిమింది. చేతికేమీ తగల్లేదు. మొహం చెదిరిపోయింది. ఇప్పుడు ఏడుస్తుందని అతనికి తెలుస్తూనే ఉంది.

"తీశారా... వాణ్ణి?" అంది.

అతను పీట మీంచి లేచి ఆమె పక్కకొచ్చాడు.

"తీశాను," అన్నాడు. "నా దగ్గరే ఉన్నాడు. వెచ్చగా ఉన్నాడు. నువ్వు పడుకో."

ఆమె ఒక్క క్షణం అలాగే నిలబడి, తన చేత్తోనే తలుపు మూసి, వెళ్ళి పడుకుంది. ఆ తర్వాత ప్రతి రాత్రీ రెండింటికి అదే ప్రశ్న, అదే జవాబు.

ఆ జవాబు నిజం కావడానికి ఇంకా ఇరవై తొమ్మిది రోజులు పట్టింది.