కళ్ళు మూసిన కారు

మైపాడు రోడ్డులో, సముద్రం ఇంకాస్త దూరం ఉందనగా, ఎడమ పక్క నా షెడ్డు. కార్లకు సోకులు చేయడం నా పని. కంపెనీవాళ్ళు బుర్ర పెట్టి చేసిన లైట్లను పీకించి నల్లరంగు కొట్టించుకునే మహానుభావులకు మన జిల్లాలో లోటు లేదు. నేను వద్దనను. నా పొయ్యి వెలిగేది వాళ్ళ పిచ్చి మీదే.

అల్లూరు రొయ్యల వ్యాపారి కొడుకు నరేంద్రబాబు ఆ పసుప్పచ్చ స్పోర్ట్స్ కారు తెచ్చినప్పుడు కూడా నేనేమీ అడగలేదు. ఎక్కడో వేలంలో కొన్నాడట.

"ముందు నుంచి చూస్తే కళ్ళు మూసుకున్నట్టు ఉండాల రూఫసన్నా," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వాయుగుండం పట్టింది. దీపాలు పెట్టే వేళలాగా చీకటి కమ్ముకుంది. షెడ్డులో నేనూ, నా బావమరిది హెబ్రోనూ ఉన్నాం. నా భార్య ఫేబీకి ఉన్నది ఆ ఒక్క తమ్ముడే. రోజూ నేను బండి తీసేటప్పుడు "వాడు జాగర్త" అనకుండా పంపదు.

లైట్లు విప్పేముందు అన్నీ వెలుగుతున్నాయో లేదో చూసుకోవడం మా పద్ధతి. లేకపోతే పగిలింది మా చేతుల్లోనే అంటారు. హెబ్రోను లోపల కూర్చుని బ్రేకు తొక్కుతాడు, ఇండికేటర్లు వేస్తాడు. నేను బయట నిలబడి చూస్తాను. అంతా అయ్యాక వాడు రెండుసార్లు మెల్లగా హారన్ కొడతాడు. ఇక దిగుతున్నా బావా అని అర్థం.

ఆ రోజూ అలాగే కొట్టాడు. కానీ దిగలేదు. షెడ్డు కురుస్తోందని లోపలే తలుపు వేసుకుని ఫోను చూస్తూ కూర్చున్నాడు. నేను బ్యాటరీ తీసి కింద పెట్టి, బంపర్ విప్పి, ముందు లైట్లు ఊడదీశాను. ఎడమది చేతికి బరువుగా తగిలింది. కదిలిస్తే లోపల నీళ్ళు. అద్దం ఎక్కడా పగల్లేదు. అంచు కూడా ఊడలేదు. అయినా ఉప్పునీటి వాసన గుప్పుమంది.

వేడికి జిగురు మెత్తబడితే గానీ లైటు మీది అద్దం ఊడదు. ఫేబీ కేకులు చేసే పాత ఓవెన్‌ను అందుకే షెడ్డుకు తెచ్చుకున్నాను. దాన్లో లైటు పెట్టబోతుండగా పేరమ్మ వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే ముసలామె. వాన పడితే మా షెడ్డులోనే నిలబడుతుంది. కారును చూసి గంప దించడం మర్చిపోయింది.

"ఇది యాడిది నాయనా?"

"వేలంలో కొన్నారంట. ఏం?"

"పోయినేడు మా రేవులో సముద్రంలో పడింది ఇదేగా. దాన్ని తోలిన పిలగోడు రోజూ అవ్వా అంటా నా దగ్గిరికొచ్చి మాట్టాడేవోడు. కారు దొరికింది, వాడు దొరకలా. తెల్లార్లూ నీళ్ళకింద ఈ లైట్లు వెలుగుతానే ఉండినాయి." ఆమె గొంతు తగ్గించింది. "మా వోళ్ళు, వేటకి పోయినోడు ఒడ్డుకి రాందే దీపం తియ్యరు. నువ్వు తీసినావే. దోవ కనపడకపోతే వాడు చేతికందినోణ్ణి పట్టుకుంటాడు."

నాకు నవ్వొచ్చింది. "చేపలు తడుస్తాయి, లోపలికి రా," అన్నాను. ఆమె రాలేదు. వానలోనే వెళ్ళిపోయింది.

వెనక లైట్లు కూడా విప్పి బల్ల మీద పెట్టాను. వాన హోరు పెరిగింది. దాని మధ్య ఎక్కడో టిక్... టిక్... అని చప్పుడు.

బల్ల మీద ఒక లైటు ఎర్రగా వెలిగింది.

"రేయ్ హెబ్రోనూ, బ్రేకు మీద కాలు తియ్యి," అన్నాను, అలవాటు కొద్దీ.

ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది.

అప్పుడు చూశాను. ఆ లైటుకు వైరు లేదు. బ్యాటరీ నా కాళ్ళ దగ్గరే ఉంది...

కారు తలుపు అద్దంలోంచి లోపలికి వంగి చూశాను. హెబ్రోను రెండు కాళ్ళూ సీటు మీదకు ముడుచుకుని కూర్చున్నాడు.

"బావా... నా కాళ్ళు పైనే ఉండాయి."

కింద నీళ్ళు. నల్లగా. సీటును అందుకుంటున్నాయి. తలుపు లాగాను, రాలేదు. స్పానరుతో కొట్టాను. అద్దం పగల్లేదు. నీళ్ళు వాడి నడుము దాకా వచ్చాయి... గుండెల దాకా...

ఫేబీకి నేనేం చెప్పను? ఆ ఒక్క మాటే బుర్రలో తిరిగింది. పేరమ్మ చెప్పింది గుర్తొచ్చి ముందుకు పరుగెత్తాను. లైట్లు తెచ్చి వైర్లకు తగిలించి, వాటి మొహం సముద్రం వైపు తిప్పాను. బ్యాటరీ ఎత్తి పెట్టి, దాని వైర్లను చేతుల్తోనే బిగించాను.

లైట్లు వెలిగాయి. వానలోకి తెల్లటి దారి పడింది. ఆ దారిలో ఎవరూ కనబడలేదు. తడి కాళ్ళ చప్పుడు మాత్రం నా పక్కనుంచి కారు వైపు వెళ్ళింది.

తలుపు తెరుచుకుంది. హెబ్రోను దిగాడు. జుట్టు నిండా ఇసుక. నేను వాణ్ణి కావలించుకుని ఏడ్చేశాను. వాడు చుట్టూ చూసి, "ఇది ఒడ్డేనా?" అన్నాడు. భయంతో మతి తప్పిందనుకున్నాను.

ఆ రాత్రంతా లైట్లు ఆర్పలేదు. వాణ్ణి ఇంటికి తీసుకెళితే ఫేబీ తల తుడిచి, వేడివేడిగా అన్నం పెట్టింది.

పొద్దున వాడు షెడ్డు ముందు టీ తాగుతుంటే పేరమ్మ వచ్చింది. చాలాసేపు మొహంలోకి చూసింది.

"ఎప్పుడొచ్చినావు నాయనా ఒడ్డుకి?"

"నిన్ననే అవ్వా," అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. వాడు ఆమెను ఎప్పుడూ పేరమ్మత్తా అనే పిలిచేవాడు.

తర్వాత నావైపు తిరిగి, "ఆ లైట్లు ఇంక తీసెయ్యొచ్చు," అన్నాడు. బావా అనలేదు.

అయినా వెళ్ళి బ్యాటరీ వైర్లు పీకి, దాన్ని ఎత్తి పక్కన పెట్టాను. లైట్లు ఆరిపోయాయి. అంతలో ఫేబీ ఫోను చేసింది.

"తమ్ముడేం చేస్తా ఉండాడు?"

టీ తాగుతున్నవాడి వైపు చూశాను. వాడు తలెత్తలేదు.

ఖాళీ కారులోంచి, మెల్లగా, రెండుసార్లు హారన్ మోగింది.