తూవా పేరున మూడో సీటు

ఉత్తరాన మంచుదేశపు ఊరు హార్నోసాండ్‌లో జనవరి సూర్యుడు ఆలస్యంగా వచ్చి పెందలాడే ఇంటికి పోయే గుమాస్తా లాంటివాడు. మధ్యాహ్నం రెండున్నర దాటితే మళ్ళీ కనపడడు. ఆ తర్వాత ఊరందరికీ ఒకటే పని. దీపాలు వెలిగించుకుని, కాఫీ కాచుకుని, ఈసారి ఏ గ్రీకు ద్వీపానికి పోదామా అని వంటింటి బల్లల దగ్గర కూర్చోవడం. నిజంగా పోయేవాళ్ళు సగం మందే. కూర్చునేవాళ్ళు మాత్రం అందరూ.

హాల్వార్, సీవ్ మూడేళ్ళుగా అలా కూర్చోలేదు. ఆ శనివారం కూర్చున్నారు. బల్ల మీద కస్తెలీ ద్వీపం పటం, దాల్చినచెక్క బన్నులు, సీవ్ రాసిన సామాన్ల జాబితా. హాల్వార్ ముప్ఫై ఏళ్ళు రోడ్ల మీద మంచు తోసే బండి నడిపినవాడు. ఏ కాగితమైనా అనుమానంగానే చదువుతాడు.

"వారం రోజులకి పద్నాలుగు జతల మేజోళ్ళా? మనం పోయేది గ్రీసుకా, ఉత్తర ధ్రువానికా?"

"నీ కాళ్ళ కంపు నీకు తెలీదు. విమానంలో పక్కవాళ్ళని అడుగు."

"మరి టోపీలు రెండెందుకు?"

"ఒకటి గాలికి పోతుంది. పోయినసారి పోలా?"

పోయినసారి అనే మాట దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. పోయినసారి ఆ టోపీ వెనక రేవంతా పరుగెత్తింది తూవా.

తూవా వాళ్ళకి ఒక్కతే కూతురు. ఇరవై నాలుగేళ్ళప్పుడు మంచు మీద విసుగుపుట్టి కస్తెలీ వెళ్ళిపోయింది. అక్కడ ఫోతీని అనే పెద్దావిడ నడిపే బసలో పనికి కుదిరింది. రెండేళ్ళ తర్వాత ఒక ఏప్రిల్ పొద్దున, నీళ్ళింకా చల్లగా ఉండగానే ఈతకు దిగింది. ఉత్తరదేశపు పిల్లకి ఆ చలి ఒక లెక్కా అనుకుంది కాబోలు. మర్నాడు దొరికింది. అప్పుడు సీవ్ తుంటి ఎముకకి ఆపరేషన్ జరిగి ఆసుపత్రిలో ఉంది. హాల్వార్ ఒక్కడే వెళ్ళాడు. కూతుర్ని పెట్టెలో ఎలా తేవాలో, తెచ్చి మంచం మీదున్న తల్లికి ఏమని చూపించాలో అతనికి తెలియలేదు. అక్కడే పూడ్చిపెట్టి, ఒక్కడే తిరిగొచ్చాడు. సీవ్ ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మౌనం మూడేళ్ళుగా అతన్ని లోపల్లోపల కొరికేస్తూనే ఉంది.

క్రిస్మస్‌కి ఫోతీని ఉత్తరం రాసింది. ఆ ద్వీపంలో రాయి ఎక్కువ, మట్టి తక్కువ. గోరీ మూడేళ్ళకే ఇస్తారు. మూడేళ్ళు నిండాక ఇంటివాళ్ళు వచ్చి ఎముకలు తీయించి, ద్రాక్షసారాతో కడిగి, చిన్న పెట్టెలో పెట్టుకుంటారు. ఎవరూ రానివాళ్ళ ఎముకలు చర్చి వెనక గోతిలో, అందరివీ కలిపి పోసేస్తారు. ఏప్రిల్‌లో తూవాకి మూడేళ్ళు నిండుతాయి, రండి నాయనా అని రాసింది.

ఉత్తరం చదివిన రోజు సీవ్ మొహం వెలిగిపోయింది. "ఇంటికి తెచ్చేసుకుందాం, హాల్వార్" అంది. అతనికి ఏడుపొచ్చింది. తను చెయ్యలేని పని చెయ్యడానికి ఇంకో అవకాశం దొరికింది కదా అని.

ఊళ్ళోవాళ్ళకి మాత్రం సెలవులకి పోతున్నామనే చెప్పారు. ఆ ఊరి తీరే అంత. దుఃఖాన్ని కూడా బూట్లతోపాటు గుమ్మం దగ్గరే విప్పేసి లోపలికి రావాలి. సీవ్ చెల్లెలు గున్నెల్ ఫోన్ చేసి, "ఉడికిన పీతలా ఎర్రగా అయ్యి వస్తావే అక్కా, చూస్తూ ఉండు" అని నవ్వింది. చివర్న మాత్రం మాట సగంలోనే ఆపి, చప్పున ఫోన్ పెట్టేసింది.

బన్నులు అయ్యాక సీవ్ ప్రయాణాల కంపెనీకి ఫోన్ చేసి, ఇద్దరూ వినేలా స్పీకర్ పెట్టింది. విమానం, పడవ, బస, అన్నీ కలిపి వారానికి అమ్ముతారు. ఫోనెత్తిన అమ్మాయి చిన్నదే, చలాకీగా ఉంది.

"పోయేటప్పుడు ఇద్దరం. వచ్చేటప్పుడు ముగ్గురం" అంది సీవ్.

హాల్వార్ తల పైకెత్తాడు. పెట్టెని చేతిసంచిలో పెట్టుకుని తేవచ్చని ఫోతీని రాసింది కదా! సీవ్ ఫోన్‌ని చేత్తో మూసి, "నా కూతురు సామాన్లలో రాదు. సీట్లో కూర్చుని వస్తుంది" అంది.

"ఒకవైపుకి మాత్రమే ఇవ్వలేమండీ. రానూపోనూ కలిపే ఇస్తాం. పోయేటప్పుడు ఆ సీటు ఖాళీగా ఉంచుకున్నా పర్లేదు" అంది ఆ అమ్మాయి.

"ఖాళీగా ఎందుకుంటుంది? రెండు వైపులా ఇవ్వండి."

"సరేనండీ. మూడో మనిషి పేరు?"

"తూవా." పుట్టిన తేదీ కూడా చెప్పింది సీవ్. ఆ మాటల్ని గట్టిగా పలికి ఎన్నాళ్ళయిందో!

"ఆవిడ వేరే ఊరి నుంచి వస్తారా, మీ ఇంటి నుంచే బయల్దేరతారా? విమానాశ్రయానికి బండి పంపడానికి అడుగుతున్నానండీ."

సీవ్ కిటికీ వంక చూసింది. బయట చీకటి. అద్దంలో తన మొహమే కనపడింది.

"మా ఇంటి నుంచే" అంది. "మాతోపాటే ఇక్కడే ఉంటుంది. ఇక్కడి నుంచే బయల్దేరుతుంది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ ఒక తల్లి, ఒకే ఒక్కసారి, బిడ్డ ఇంట్లోనే ఉందని చెప్పుకుని మురిసిపోతే ఎవరు మాత్రం తప్పుపడతారు?

మూడో రోజు మధ్యాహ్నం హాల్వార్ పెరట్లో మంచు ఎత్తిపోస్తున్నాడు. మూడయింది. వీధి దీపాలు వెలిగాయి. గాలి లేదు. పార ఆపితే చెవుల్లో నెత్తురు పారే చప్పుడు కూడా వినపడేంత నిశ్శబ్దం. నడుము నిటారు చేసి ఇంటివైపు చూశాడు. మేడమీద తూవా గదిలో దీపం వెలుగుతోంది.

సీవ్ దుమ్ము దులుపుతోందేమో అనుకున్నాడు. అంతలో వంటింటి కిటికీలో సీవ్ కనిపించింది, దుంపలు తరుగుతూ.

మళ్ళీ పైకి చూశాడు. దీపం లేదు.

లోపలికి వెళ్ళి బూట్లు విప్పుతుంటే వాసన కొట్టింది. కుళ్ళిన సముద్రపు నాచు, తడిసిన ఉన్ని, ఇంజను నూనె... మూడూ కలిసిన వాసన. అది ఇంటి వాసన కాదు.

"సీవ్, పైన ఎవరున్నారు?"

సీవ్ కత్తి కింద పెట్టలేదు. తల కూడా తిప్పలేదు. "మెల్లగా మాట్లాడు" అని గుసగుసలాడింది. "వచ్చింది."

"ఎవరు?"

"ఇంకెవరు? మొన్న శనివారమే వచ్చింది. నీ ఎదట పడడానికి జంకుతోంది. పైకి వెళ్ళకు."

హాల్వార్ ఆమెని ఎగాదిగా చూశాడు. మతి పోయిందా దీనికి అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే, నెత్తి మీద, పైకప్పు అవతల... ప్రయాణపు పెట్టె జిప్పు తెరుచుకున్న చప్పుడు. నెమ్మదిగా. తర్వాత మూసుకున్న చప్పుడు. మళ్ళీ తెరుచుకుంది.

ఆ రోజు నుంచి సీవ్ మేడమీదే ఎక్కువ ఉండేది. పాలు కాచి తీసుకెళ్ళేది. ఖాళీ గ్లాసుతో దిగేది. ఆమె బుగ్గల్లో రంగు తిరిగింది. వంట చేస్తూ కూనిరాగం తీసేది. మూడేళ్ళుగా ఎండిపోయిన మనిషి మళ్ళీ చిగురిస్తుంటే భయపడాలో సంతోషించాలో హాల్వార్‌కి అర్థం కాలేదు. డాక్టరుకి చూపిద్దామా అని ఒక పక్క. చూపిస్తే ఈ నవ్వు కూడా పోతుందేమోనని ఇంకో పక్క. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అసలు సంగతి వేరే ఉంది. అతనూ ఆశపడ్డాడు. సిగ్గు విడిచి ఆశపడ్డాడు. నిజంగా తూవాయే అయితే మెట్ల కింద నిలబడి ఒక్క మాట అడగాలనుకున్నాడు, నిన్ను వదిలేసి వచ్చినందుకు క్షమిస్తావా అని.

ఒక మధ్యాహ్నం సీవ్ పాలకని అంగడికి వెళ్ళింది. హాల్వార్ మెట్ల దగ్గరికి వెళ్ళాడు. పైన చీకటి. కట్టె మెట్లు చల్లగా ఉన్నాయి. మేజోళ్ళలోంచి తడి తగిలింది. వంగి వేలితో ముట్టి నాలిక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

"తూవా..." అన్నాడు.

జిప్పు చప్పుడు ఆగింది.

"తూవా, నేనే... నాన్నని."

తర్వాత తలుపు వెనక నుంచి, నేలకి దగ్గరగా, ఎవరో పళ్ళు టకటకలాడుతుండగా...

"అమ్మా..."

అంతే. ఆ ఒక్క మాటే. ఆ మాట ఏ దేశంలోనైనా ఇంచుమించు ఒకలాగే ఉంటుంది.

"అమ్మా... అమ్మా..."

హాల్వార్ గోడ పట్టుకున్నాడు. పదమూడో ఏట తల్లితో పోట్లాడిన రోజు నుంచి తూవా ఆమెని ఎప్పుడూ అమ్మా అనలేదు. కోపం పోయాక కూడా, ముద్దొచ్చినా, జ్వరమొచ్చినా, సీవ్ అని పేరు పెట్టే పిలిచేది. ఇంటికి రాసిన ప్రతి ఉత్తరంలోనూ అంతే.

వెనక్కి వెనక్కి దిగాడు. వంటింట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాడు. సీవ్ వచ్చాక ఏమీ చెప్పలేదు. ఆమె పాలసీసాలు బల్ల మీద పెట్టింది. నాలుగు ఉన్నాయి. ఇంతకుముందు ఒకటి చాలేది.

ఫిబ్రవరి మొదట్లో మంచు తుఫాను పట్టుకుంది. ఆ మధ్యాహ్నం రెండింటికే చీకటి పడింది. ఫోన్ మోగింది. ఫోతీని.

"హాల్వార్ అబ్బాయ్! బాగున్నావా? నీ భార్య కాలు ఎలా ఉంది? విను. ఇక్కడ వానలకి చర్చి ప్రహరీ కూలిపోయింది. గోరీల వరసంతా జారిపోయేలా ఉంటే ముందే తీయించేశాం. మీ పిల్లని నేనే తీసుకున్నాను నాయనా. నా చేతుల్తో నేనే కడిగాను."

హాల్వార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తూవాయేనా? సరిగ్గా చూశావా?"

"అదేం మాటయ్యా? చిన్నప్పుడు సైకిలు మీంచి పడి భుజం దగ్గర ఎముక విరిగి అతుక్కుందని తనే చూపించేది కాదూ? ఆ అతుకు అలాగే ఉంది. ఒక్క ఎముక తగ్గలేదు. కాలి చిటికెన వేలితో సహా. తెల్లగా, శుభ్రంగా ఉంది తల్లి. ఎముక తెల్లగా ఉంటే ఆత్మ హాయిగా ఉందని మా వాళ్ళంటారు. నా గదిలోనే పెట్టుకున్నాను. మీరొచ్చేదాకా దీపం పెడతా."

అతని కళ్ళు ధారలు కట్టాయి. తూవా హాయిగా ఉంది. ఎక్కడికీ పోలేదు. ఫోతీని గదిలో, దీపం పక్కన ఉంది. ఆ ఒక్క క్షణం సంతోషించాడు.

ఆ తర్వాత పైకప్పు వంక చూశాడు.

"మీది అదృష్టమనుకో" అంటోంది ఫోతీని. "మీ పిల్ల పక్క గోరీలో ఇంకో పిల్ల ఉండేది. సముద్రం తెచ్చి ఒడ్డున పడేసిన పిల్ల. ఏ దేశమో, ఏం పేరో. దాని మూడేళ్ళు జనవరిలోనే నిండాయి. ఎవరొస్తారు? అలా కొట్టుకొచ్చిన పసివాళ్ళున్న గోతిలోనే పోసేశారు. పోయిన నెల్లో ఒక శనివారం అనుకుంటా. నేను ఇంటికొచ్చి ఏడ్చాను. ఏ తల్లి ఎక్కడ ఎదురు చూస్తోందో..."

సీవ్ ప్రయాణాల కంపెనీకి ఫోన్ చేసిందీ పోయిన నెల శనివారమే. హాల్వార్ ఫోన్ పెట్టేసి గబగబా మెట్లెక్కాడు. సీవ్‌ని ఆ గదిలోంచి ఎత్తుకొచ్చైనా సరే కిందికి తేవాలి. తలుపు ఓరగా ఉంది. లోపల దీపం లేదు. కిటికీ అవతల మంచు వెలుగు మాత్రం కొద్దిగా. నాచు వాసనకి ఊపిరాడలేదు.

సీవ్ మంచం అంచున కూర్చుని ఉంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మంచం మీద పోగుపడి ఉన్నాయి.

"సీవ్" అన్నాడు మెల్లగా. "కిందికి రా. ఫోతీని ఫోన్ చేసింది. తూవా అక్కడే ఉంది. ఇది... ఇది మన తూవా కాదు."

దుప్పటి మీద ఆమె చెయ్యి జోకొడుతూనే ఉంది.

"నాకు తెలుసు" అంది.

"ఎప్పట్నించి?"

"మొదటి రోజే. నన్ను అమ్మా అంది." ఆమె దుప్పటి అంచు సర్దింది. "పొమ్మని ఎలా అనను హాల్వార్? పేరు పెట్టి పిలిచింది నేనే. ఇంటికి రమ్మంది నేనే. చలికి ఎలా వణికిపోతోందో చూశావా? ఎవరో ఒకరి బిడ్డేగా."

"మరి మన బిడ్డ?"

ఆ మాటకి ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. మూడేళ్ళలో మొదటిసారి అతని ముందు వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఒక అడుగు ముందుకి వేశాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఏప్రిల్లో నువ్వొక్కడివే వెళ్ళిరా" అంది. "ఈసారి తనని వదిలేసి రావద్దు. తీసుకురా. నేను రాలేను. వీళ్ళని విడిచిపెట్టి రాలేను."

వీళ్ళని.

హాల్వార్ అప్పుడు మంచం వంక చూశాడు. తూవాకి పదేళ్ళప్పుడు కొన్న మంచం అది, ఒక్కరికే ఇరుకు. దుప్పట్ల కింద ఒకచోట కాదు... తల దగ్గర, కాళ్ళ దగ్గర, గోడవైపు, ఆరేడు చోట్ల ఎత్తుగా ఉంది. కొన్ని ఎత్తులు మరీ చిన్నవి. ఒక్కొక్కటీ విడివిడిగా, మెల్లగా, పైకి లేచి కిందికి దిగుతోంది.