మెట్టచేలో కంపదినం

ఆ ఉదయం చింతలగట్టు ఊరు ఊరంతా మెట్టచేలో కూర్చుని ఉప్మా తింటోంది. మధ్యాహ్నం రెండూ పదికి భూకంపమని కంపపంచాంగం ఎనిమిదేళ్ల కిందటే చెప్పేసింది. అటకల మీది బిందెలు దిగాయి, మంచాలు ఆరుబయటికి చేరాయి, ఆసరా లేని గోడలన్నీ చట్టప్రకారం వారం కిందటే నేలకొరిగాయి. పెళ్లి ముహూర్తం తప్పినా కంపముహూర్తం తప్పదని జనం నమ్మకం.

పగుళ్ల పరిశోధకుడు కోటిలింగం మాత్రం తమ చేలోని కందకంలో ఉన్నాడు. భూమి పగుళ్లే చూస్తూ తన మడమల పగుళ్లు మరిచిపోయిన మనిషి. చీలిక మీదుగా అడ్డంగా కందకం తవ్వి, తెగిన మట్టిపొరల్ని బట్టి పాత భూకంపాలను గుర్తించడం ఆ వృత్తి. తెగి ఎన్నేళ్లయింది, మళ్లీ ఎప్పుడు తెగుతుంది అన్నది ‘పొరచదువరి’ అనే యంత్రం తేలుస్తుంది; ఆ లెక్కే కంపపంచాంగం.

కంపదినాన కందకం గోడను చివరిసారి తాపీతో గీకడం ఆనవాయితీ. గీకాడు. తొంభై ఏళ్లనాటి కంపమని యంత్రం గుర్తుపెట్టిన చోట బూడిద రాలింది. దాని వెనక గడ్డి. గడ్డి వెనక మాడిన జొన్నలు.

కోటిలింగం గుండె రెండూ పది కాకుండానే కంపించింది. అది పగులు కాదు, ఎవరో ధాన్యం దాచుకున్న పాతర. పొరల పనిలో ఇంతకన్నా పొరపాటు ఉండదు. దాన్ని తీసేసి లెక్కిస్తే, వచ్చే కంపానికి ఇంకా నూట నలభై ఏళ్లుంది.

ఈ మాట చెబితే అందరూ ఇళ్లకు పోతారు. గోడలు మళ్లీ లేస్తాయి. తన వాటాకూ అన్న పేరయ్య వాటాకూ మధ్య తొమ్మిదేళ్లు నిలబడిన గోడ కూడా. బోరు నీళ్ల దగ్గర మొదలైన మాట వాళ్ల మధ్య మాటల్లేకుండా చేసింది. గోడ పడిన ఈ వారంలోనే, కూర మిగిలిందని అన్న గిన్నె పంపాడు. మూడింటిదాకా నోరు మూసుకుంటే?

డేరాల కింద ఆస్పత్రి రోగులు ఎండకు మగ్గుతున్నారు. కోటిలింగం కంపం రాదని అందరికీ కబురు పంపేసి, కాళ్లీడ్చుకుంటూ అన్న దగ్గరికి నడిచాడు. పేరయ్య ఇటుకల పొయ్యి మీద పులుసు కలుపుతున్నాడు.

“అన్నా, కంపం రాదు. మన చేలో పగులని రాసుకున్నది పాతరంట. జొన్నలు దొరికినయ్.”

“తాత తవ్విందే గదరా. నిప్పు పడి జొన్నలు మాడితే ఊరంతా నవ్విందని నాయన చెప్పేవోడు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావులే.”

“నీకు తెలుసా? మరి కందకం తవ్వినప్పుడు నాకు చెప్పొద్దా?”

“అప్పుడు మనకు మాటల్లేవు గదా.”

కోటిలింగం విస్తరి ముందు కూర్చున్నాడు. “కంపం రాదని తెలిసీ గోడెందుకు పడగొట్టావు?”

“చట్టం గదరా.” పేరయ్య గరిటె అంచు తుడిచాడు. “ఏదో ఒక చట్టం రాకపోతుందా అని తొమ్మిదేళ్లుగా చూస్తన్నా.”

రెండూ పది అయింది. భూమి కదల్లేదు. కబురు అందినా విస్తళ్ల ముందు నుంచి ఊరివాళ్లెవరూ కదల్లేదు. రెండోసారి పులుసు పోయించుకుంటూ కోటిలింగం పొయ్యి వైపు చూశాడు.

“అన్నా, ఈ ఇటుకలు మన గోడవేనా?”

“మనయ్యే. మసి పట్టినయ్. ఇంక గోడకు పనికిరావులే, తిను.”