మూగకొండలో గవరి పాట

ఆ ఏడు సిరివాడ రాజ్యంలో పెళ్ళిళ్ళన్నీ చావుల్లా జరిగాయి. మంగళహారతి పాడే దిక్కు లేదు, అప్పగింతల పాట అందుకునే గొంతు లేదు. ఎలా ఉంటుంది చెప్పండి? మూగకొండ రక్కసి పాటగాళ్ళను ఒక్కొక్కరినే ఎత్తుకుపోయి గుహలో పెట్టేసుకుంది. తన గుహలో కూర్చుని మచ్చలేని పాట ఒక్కటి పట్టి ఇస్తే అందరినీ వదిలేస్తానని చాటింపు కూడా వేయించింది. సరేనని వెళ్ళిన ఆస్థాన విద్వాంసుడు తిరిగి రాలేదు. ఆయన తంబురా మోసుకెళ్ళిన సింగన్నా తిరిగి రాలేదు.

వాళ్ళను తెచ్చినవారికి అర్ధరాజ్యం ఇస్తానన్నాడు రాజు. రాజ్యం సంగతి అలా ఉంచండి, గవరికి కావలసింది సింగన్న. వాడు ఆమెకు తోడబుట్టిన అన్న.

ఆ దేశంలో పాటను పట్టే పద్ధతి ఒకటుంది. ఎండిన ఆనపబుర్ర లోపల లక్క పూసి, దాని మూతి దగ్గర పాడి, పాట అయిపోగానే మైనంతో మూత బిగిస్తారు. మూత తీస్తే పాడిందంతా ఒక్కసారి వినిపించి బుర్ర ఖాళీ అయిపోతుంది. విద్వాంసులకైతే ఇందుకోసం రాతిమేడలుంటాయి. గవరికేముంది? బొంతలు కుట్టే మామ్మ ఉంది, మామ్మ కుట్టిన బొంతలున్నాయి. వసారాలో నాలుగు వైపులా వాటిని వేలాడదీసి, మధ్యలో చెమటలు కక్కుతూ పాడుకునేది. అయినా బుర్రలోకి పాట ఒక్కటే వెళ్తుందా? కోడి కూత వెళ్ళేది, రోకటి పోటు వెళ్ళేది, అన్నిటికంటే ముందు మామ్మ గొంతు వెళ్ళేది.

సింగన్న బయల్దేరే ముందురోజు గవరి గొంతు ఎన్నడూ లేనంత బాగా పలికింది. పున్నాగపూల పాట చివరి చరణం దాకా ఒక్క మచ్చ పడలేదు. సరిగ్గా అప్పుడే దొడ్లోంచి మామ్మ కేకేసింది.

“ఒరే సింగన్నా! అంబలి సల్లారిపోతంది, ఎక్కడ సచ్చావురా?”

గవరికి ఒళ్ళు మండింది. ఠక్కున మూత బిగించి మూలన పడేసింది. మామ్మతో మాట్లాడలేదు. మర్నాడు అన్న వెళ్తుంటే గుమ్మంలోకైనా రాలేదు. ఇప్పుడు ఆ సంగతే ఆమెను ముల్లులా పొడుస్తోంది.

నాలుగు బొంతలు, రెండు ఖాళీ బుర్రలు మూట కట్టుకుంది. రక్కసి మూడు అవకాశాలిస్తుందట. మూడో బుర్ర దొరక్క, ఆ పాడైపోయినదాన్నే మూటలో పడేసుకుంది. అక్కడే మూత తీసి ఖాళీ చేసుకోవచ్చులే అనుకుంది.

మూడు అడవులు దాటి మూగకొండ చేరేసరికి రాతితలుపు మీద ముసలి ఉడుము ఒకటి కరుచుకుని ఉంది. వచ్చిన పని అడిగి, పాపం జాలిపడింది. ఈ తలుపు లోపలి నుంచి తెరుచుకునే దారేమిటని గవరి అడిగింది.

“బయటి గొంతు పిలిస్తే లోపలున్నోళ్ళు బదులు పలకాలి పిల్లా. ఈ రాయి దాటి ఏ పిలుపూ లోపలికెళ్ళదు. లోపల పుట్టిన గొంతేదైనా రక్కసి చెప్పుచేతల్లోనే ఉంటాది, నీదైనా సరే.”

గవరి లోపల అడుగుపెట్టగానే తలుపు మూసుకుంది. గాలి కూడా కదలడం లేదు. పాట రానివాళ్ళంతా రాళ్ళయి నిలబడ్డారు. వాళ్ళలో సింగన్న, భుజాన రాతి తంబురాతో ఉన్నాడు. “అన్నా” అని పిలిచింది. ఆ పిలుపు పెదవి దాటలేదు.

రక్కసి అరిచే రకం కాదు. మెత్తగా మాట్లాడుతుంది, అదే భయం.

“నిదానంగా పాడుకో తల్లీ. ఇక్కడి నుంచి ఎవరూ ఎక్కడికీ పోరు.”

గవరి బొంతలు కట్టి మొదటి బుర్ర నింపింది. అందులో గాజుల చప్పుడు పడిందంది రక్కసి. గోడలు ఒక మూర దగ్గరికి జరిగాయి. గాజులు తీసేసి రెండోది నింపింది. చరణం మధ్యలో ఊపిరి తీసుకున్నది వినపడిందంది. గోడలు ఇంకా జరిగి బొంతలకు తగిలాయి. ఇక మిగిలింది ఒక్క అవకాశమే, అదీ ఊపిరి తీయకుండా పాడాలట!

పైన వేలాడుతున్న బుర్రలలో ఒకదానికి ఆమె చెవి ఆనించింది. విద్వాంసుడి పాట లీలగా వినిపించింది. అందులో మచ్చ లేదు, ఊపిరీ లేదు. అయినా రక్కసి మాట నిలబెట్టుకోలేదు, ఎవరినీ వదల్లేదు. దాని కిందే ఆయన కూర్చుని ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. గొంతు రావడం లేదు. ఓడితే గోడల మధ్య నలిగిపోవాలి, గెలిస్తే గొంతు రక్కసి పాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బొంతలో ముఖం దాచుకుని ఏడ్చింది. దానికింకా మామ్మ పొయ్యి పొగ వాసన వస్తోంది. ఆ వాసనకు మామ్మ కేక, దాని వెనకే ఉడుము మాట గుర్తొచ్చాయి. పాడైన బుర్రలోని గొంతు ఈ గుహలో పుట్టలేదు, తమ ఇంటి దొడ్లో పుట్టింది!

బుర్రను సింగన్న రాతిచెవి దగ్గరికి తీసుకెళ్ళి మూత లాగింది. పున్నాగపూల పాట గుహంతా నిండింది. రక్కసి కళ్ళు మూసుకుని తల ఊపసాగింది. చివరి చరణం వచ్చింది.

“ఒరే సింగన్నా! అంబలి సల్లారిపోతంది, ఎక్కడ సచ్చావురా?”

సింగన్నకు చిన్నప్పటి నుంచీ ఒకటే భయం. ఆ కేకకు బదులు పలక్కపోతే మామ్మ చీపురు పట్టుకుని వస్తుంది. రాతి పెదవులు అదిరాయి.

“వస్తన్నానే మామ్మా!”

తలుపు బద్దలైంది. వేలాడే బుర్రలన్నీ పగిలి ఎవరి గొంతు వాళ్ళకు చేరింది. రాళ్ళు మనుషులయ్యాయి. పిలిచేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, దగ్గేవాళ్ళు, ఒకటే గోల. ఆ గోల భరించలేక రక్కసి చెవులు మూసుకుని కొండ అడుగుకు పారిపోయింది. మళ్ళీ ఎవరి కంటా పడలేదు.

రాజు మాట తప్పలేదు. గవరికి అర్ధరాజ్యమూ ఇచ్చాడు, ఈగ రెక్కల చప్పుడైనా చొరబడని పాలరాతి మేడా కట్టించాడు. రాణిగారైన గవరి కొలువు అందులో చేసేది. పాట పట్టాలనిపిస్తే మాత్రం మామ్మ ఇంటి వసారాలోనే బొంతలు కట్టుకునేది.

ఒకనాడు అక్కడ కూర్చుని మళ్ళీ పున్నాగపూల పాట అందుకుంది. చివరి చరణంలో దొడ్లోంచి మామ్మ కేక రానే వచ్చింది. మైనం ముద్ద పట్టుకున్న గవరి చెయ్యి ఆగింది. వీధి చివర నుంచి “వస్తన్నానే మామ్మా” అని వినిపించింది. అప్పుడు మూత పెట్టింది.