చెట్టు మీద రాకుమారుడు, చెట్టు కింద పులి

పొన్నగిరి రాజ్యంలో పోయిన వానాకాలం నుంచి ఒక్క కథ కూడా కంచికి చేరలేదు. ఇదేం పెద్ద కష్టమని నవ్వకండి పిల్లలూ, పడ్డవాళ్ళకు తెలుస్తుంది. అవ్వలు కథ మొదలుపెట్టేవారు, సగానికి రాగానే నోరు తెరిచి అలాగే ఉండిపోయేవారు. తాటాకులు తీసి చూస్తే సగం తరవాత అక్షరాలే లేవు. పెళ్ళికి బయల్దేరిన కోతులు దారిలోనే ఆగిపోయాయి, రాజకుమార్తెలు గుహల్లోనే ఉండిపోయారు.

గంగాలు కొడుకు సోమన్నకైతే అది ప్రాణం మీదికి తెచ్చింది. వాడు విన్న కథలో రాకుమారుడు మద్దిచెట్టు చిటారుకొమ్మ పట్టుకుని వేలాడుతున్నాడు, కింద పులి కూర్చుని ఉంది. సరిగ్గా అక్కడ కథ చెప్తున్న నాయనమ్మ ముత్తెమ్మవ్వ మాట ఆగిపోయింది. ఆనాటి నుంచి వాడికి నిద్ర లేదు. రెప్ప వాలితే చాలు, ఉలిక్కిపడి లేచేవాడు.

“నేను నిద్రపోతే వాడు పులి నోట్లో పడిపోతాడే అక్కా!” అని మంగతాయి చెయ్యి పట్టుకునేవాడు. వైద్యుడు నాడి చూసి, ఇలాగే సాగితే పిల్లవాడు దక్కడని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పుడు ముత్తెమ్మవ్వ కోడలితో, “గంగాలూ, బండి కట్టవే. ఈ కథ రాసిన వకుళమ్మ గడ్డినేలలో ఉంటోందంట. రాసిన మనిషికి ముగింపు తెలీకుండా ఉంటుందా? పోయి అడుగుదాం” అంది. అవ్వ చిన్నతనమంతా వకుళమ్మ కథలతోనే గడిచింది. ఆ ఇల్లు కళ్ళారా చూడాలని ఎన్నాళ్ళుగానో ఆశ. మనవడు ఆ స్థితిలో ఉండగా ఇంత సంబరమేమిటని తనను తానే తిట్టుకుంది గానీ సంబరం దాగలేదు.

సోమన్న తండ్రి పైరుకు కాపలాగా ఉండిపోయాడు. గంగాలు ఎద్దులను తోలుతుంటే మిగిలిన ముగ్గురూ బండిలో కూర్చున్నారు. అడవి మధ్య ఏటి రేవులో ఒక రాక్షసుడు దారికి అడ్డంగా పడుకుని ఉన్నాడు.

“ముగింపు ఉన్న కథ చెప్తే దారిస్తా. లేదంటే ఎద్దులతో సహా మింగేస్తా!” అన్నాడు.

గంగాలు ములుగర్ర ఎత్తింది. మంగతాయి తల్లి చెయ్యి పట్టుకుని ఆపి, “మాకు రాదు మామా. నువ్వే ఒకటి చెప్పు, వింటాం” అంది.

“నాకేం కథలొచ్చు? పన్నునొప్పి తప్ప ఇంకేం లేదు నాకు.”

“అదే చెప్పు.”

రాక్షసుడు చెప్పాడు. నొప్పి ఎప్పుడు మొదలైందో, ఏ ఆకు నమిలాడో, రాక్షసుడి పన్ను గురించి అడిగే దిక్కే లేదని ఎలా ఏడ్చాడో అంతా వివరంగా చెప్పాడు. మాట మాటకీ మంగతాయి “ఊ” అంటూనే ఉంది. చివరికి రాక్షసుడే బండిని ఎత్తి అవతలి గట్టున దించాడు. “పన్ను తగ్గలేదు గానీ, మనసు తేలికపడింది” అన్నాడు.

అడవి దాటాక గడ్డినేల మొదలైంది. బండి కంటే ఎత్తుగా గడ్డి, ఎటు చూసినా దారి లేదు. బంగారు కొమ్ముల జింక ఒకటి ఎదురు నిలబడింది.

“ఎందుకు వచ్చారు? అబద్ధమాడితే ఈ గడ్డిలో తిరుగుతూనే ఉంటారు.”

“తమ్ముడి కోసం” అంది మంగతాయి. జింక అవ్వ వైపు చూసింది. అవ్వ తల వంచుకుని, “మనవడి కోసమే నాయనా. కానీ ఆమె ఇల్లు చూడాలని కూడా ఉంది” అని ఒప్పుకుంది. గడ్డి పాయలుగా విడిపోయి దారిచ్చింది.

ఆ ఇల్లు మేడ కాదు, మట్టిగోడల గుడిసె. అవ్వ గుమ్మాన్ని తాకి కళ్ళకద్దుకుంది. లోపలి నుంచి నెరిసిన తలతో, అవ్వ కంటే ముసలిదైన వకుళమ్మ వచ్చి కసురుకుంది.

“ముగింపు కోసమేగా వచ్చారు? లేదు, పొండి! రాజుగారి కొలువులో ఈ కథే చెప్పాను. ఒక్కరంటే ఒక్కరు ఊ కొట్టలేదు. సభామర్యాద అట! రాతిబొమ్మల్లా కూర్చున్నారు. ఒళ్ళు మండి సగంలో ఆపేశాను. నా కథ ఆగినట్టే మీ కథలన్నీ ఆగిపోవాలని శపించాను. ఆ శాపం నన్నూ పట్టుకుంది. ఇప్పుడు నాకూ తెలీదు.”

ముత్తెమ్మవ్వ గుమ్మం మీది చెయ్యి తీసేసింది. “చిన్నప్పటి నుంచి నిన్ను దేవతనుకున్నాను తల్లీ! రాజు మీది కోపానికి నా మనవడా బలి?” అని సోమన్నను ముందుకు తెచ్చింది.

వాడి గుంటకళ్ళు చూసి వకుళమ్మ అరుగు మీద కూలబడింది. “మొదటి నుంచి చెప్తాను. కానీ మధ్యలో ఊ ఆగిందంటే ఇక ఈ జన్మలో రాదు” అంది.

ఆమె మొదలుపెట్టింది. సోమన్న అవ్వ ఒళ్ళో పడుకుని సన్నటి గొంతుతో ఊ కొట్టాడు. రాకుమారుడు అడవి చేరాడు. ఊ. చెట్టెక్కాడు. ఊ. పులి వచ్చి కూర్చుంది. అక్కడ వకుళమ్మ మాట నిలిచిపోయింది. “ఊ!” అన్నాడు సోమన్న గట్టిగా, ఊపిరి బిగబట్టి. మాట వచ్చింది.

“‘పులీ, ఎందుకు కదలవు?’ అన్నాడు రాకుమారుడు. ‘ఒంటరిగా అడవి దాటాలంటే నాకు భయం’ అంది పులి.”

సోమన్న కిసుక్కున నవ్వాడు. రాకుమారుడు కొమ్మ కొమ్మా దిగసాగాడు. దిగిన కొద్దీ సోమన్న ఊ సన్నబడింది. రాకుమారుడి పాదం నేలను తాకేసరికి సోమన్న కళ్ళు మూతపడ్డాయి.

ఊ ఆగిపోయింది.

మంగతాయి తమ్ముణ్ణి లేపబోయింది. వకుళమ్మ చప్పున ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ ముఖంలో కోపం ఉంటుందేమోనని మంగతాయి భయపడింది గానీ, ఆమె కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి.

“లేపకే పిచ్చిదానా. గురక పెడుతున్నాడు, వినపడట్లా? కొలువులో అంతమంది మేలుకుని కూర్చున్నారు, నాకేం ఒరిగింది? ఈ గురకే ఊ, ఇది చాలు నాకు.”

గొంతు బాగా తగ్గించి, నిద్రపోతున్న పిల్లవాడికి ఆమె కథ చివరిదాకా చెప్పింది. పులీ రాకుమారుడూ అడవి దాటారు. ఆ క్షణాన పొన్నగిరిలో ప్రతి ఇంటా ఆగిన కథ కదిలింది.

సోమన్న నిద్ర లేచేదాకా గంగాలు బండి కట్టలేదు. కట్టాక, అవ్వ బండిలో పక్కకు జరిగి వకుళమ్మకు చోటిచ్చింది.