బండి లాగడం లేదు

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ, బండి పెట్రోలు తెగ తాగేస్తోందనీ, గాలి ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడమనీ భార్య చెప్పింది. భర్త ఫోనులోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నాడు. ఆ ఇంట్లో ఈ మధ్య అంతకంటే పెద్ద సంభాషణ జరగలేదు.

ఆయన మెకానిక్కు. చప్పుడు విని ఇంజన్ జబ్బు చెప్పేస్తాడని పేరు. షెడ్డులో ఎంత వాగుడుకాయో, ఇంటికొస్తే నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది; చీకటితో కారు వేసుకుపోయి, వచ్చి నిద్రపోతుంది. ఇక మిగిలింది ఆమె ఒక్కతే. ఆగిన ఫ్రిజ్ మళ్లీ గుర్రుమన్నా, ఎవరో వచ్చారనుకుని గుమ్మం వైపు చూస్తుంది.

ఇంతలో కూతురు గదిలోంచి వచ్చి, నిన్న ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి అసలు లాగలేదనీ, వెనక లారీ గుద్దబోయి తప్పిందనీ చెప్పింది. తల్లి చేతిలో గిన్నె జారింది. తండ్రి మాత్రం లేచి బయటికి నడిచాడు.

బానెట్ ఎత్తి ఫిల్టరు లాగి చూస్తే మడత మడతకీ తెల్లటి దుమ్ము. ఆయనకి ఒళ్లు మండింది. రోడ్డు తవ్వుతున్న చోట తిరగొద్దని ఎన్నిసార్లు చెప్పానంటూ కూతురి మీద విరుచుకుపడ్డాడు. అటువైపే పోలేదని పిల్ల మొత్తుకున్నా వినలేదు. తాళాలు జేబులో వేసుకుని, రేపట్నుంచి బస్సులో పొమ్మన్నాడు. ఆ వేళకి బస్సులుండవు, ఆలస్యమైతే ఉద్యోగమూ ఉండదు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దాన్నేమీ అనకండి. అది దుమ్ము కాదు, నా మొహానికి రాసుకునే పౌడరు. నేనే పోశాను" అంది తల్లి.

భర్త ఫిల్టరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టెలో పడ్డట్టయింది ఆయన పని.

"ఎందుకు పోశావు?"

"ఫిల్టరు మూసుకుపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుందని మీరే చెప్పారుగా, పాతబండి రోజుల్లో."

"అది కార్బురేటర్ బండి, గాలి తగ్గితే పెట్రోలు ఎక్కువ పీల్చేది. ఇది వచ్చిన గాలిని కొలుచుకుని అంతే పెట్రోలు పోసుకుంటుంది. ఫిల్టరు మూసుకుపోతే లాగదు గానీ, పెద్దగా తాగదు."

"నాకేం తెలుసు? పాతబండికి ఆదివారం ఆదివారం ఏదో ఒకటి పాడయ్యేది. మీరు బాగుచేస్తూ కబుర్లు చెప్పేవారు, నేను పక్కన నిలబడి వినేదాన్ని. ఈ మాయదారి బండికి జబ్బే రాదు. మీరు నాతో మాట్లాడరు. పిల్లకి ప్రాణం మీదికొస్తుందనుకోలేదండీ. ఒట్టు."

కూతురికి కోపమే రావాలి. రాలేదు. వచ్చి తల్లి భుజం పట్టుకుంది. తను మాత్రం ఈ ఇంట్లో కూర్చుని అమ్మతో మాట్లాడి ఎన్నాళ్లయిందో లెక్క వేసుకోబోయి, సిగ్గేసి మానేసింది.

ఆయన తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టాడు. చేతులు తుడుచుకుని మెట్టు మీద కూలబడ్డాడు. బండ్ల సంగతైతే గంటలు గంటలు చెప్పగలడు. ఇన్నాళ్లూ చెప్పింది అదే, ఆమె విన్నదీ అదే. ఆ సంగతి ఆయనకి ఇప్పుడే తట్టింది.

"ఇలా కూర్చో" అన్నాడు. "నువ్వు చెప్పు. రోజంతా ఏం చేస్తుంటావు ఇంట్లో?"

ఆ మాట ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చెబుదామని నోరు తెరిచిందే గానీ, మాటకంటే ముందు ఏడుపు తన్నుకొచ్చింది. షెడ్డు నుంచి ఫోను మోగింది. ఆయన ఎత్తలేదు.