మూడు దెబ్బలు

చేపల వేట నిషేధం రోజుల్లో గిలకలదిండి హార్బరు పెళ్లివారు వెళ్లిపోయిన పందిరిలా ఉంటుంది. బోట్లన్నీ ఒడ్డున కట్టి ఉంటాయి, మనిషి అలికిడి ఉండదు. పంపులు బాగుచేసే బెన్నీకి మాత్రం అప్పుడే చేతినిండా పని. ఆ సాయంత్రం మబ్బు పట్టి ఉండగా బసవయ్య బోటెక్కాడు.

"అడుగున చుక్క నీళ్లు లేకపోయినా పంపు దానంతటదే తిరుగుతోందయ్యా. నువ్వొక్కడివే చేస్తావా?" అని పొద్దున ఫోనులో అడిగాడు బసవయ్య.

"ఒక్కణ్ణేనండీ."

ఏడాదిగా ఒక్కడే. అంతకుముందు సీమోను ఉండేవాడు. ఒకే క్యారియరులో తినేవాళ్లు, బావా అంటే బావా అనుకునేవాళ్లు. ఒకడు బోటు అడుగుకు దిగితే ఇంకొకడు పైన స్విచ్చు దగ్గర. అరిస్తే వినపడదు కాబట్టి స్పానరుతో చెక్క మీద కొట్టేవాళ్లు. రెండు దెబ్బలంటే స్విచ్చు వెయ్యి, ఒకటంటే ఆపు, మూడంటే తాడేసి పైకి లాగు.

బెన్నీ నిచ్చెన దిగాడు. డీజిలు కంపు, కుళ్లిన రొయ్యల కంపు. పంపు జల్లెడలో చెత్త తీశాడు. ఫ్లోటు కదిపి చూశాడు. నీళ్లు పెరిగితే అది తేలాలి, తేలితే పంపు తిరగాలి. బాగానే ఉంది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, చెక్క మీద రెండు దెబ్బలు కొట్టాడు.

పంపు తిరిగింది.

ఒకటి కొట్టాడు. ఆగింది.

భయం వేయాలి. వేయలేదు. ఏడాది తర్వాత ఎవరో తనకు బదులు పలికారు. కళ్లు చెమ్మగిల్లాయి.

"బావా..."

పైన మూత ధడాలున పడింది.

చీకటి. నిచ్చెనెక్కి భుజంతో తోశాడు. కదల్లేదు. మళ్లీ తోశాడు. నిచ్చెన ఫెళ్లున విరిగి కిందపడ్డాడు. పడింది నీళ్లలో... మోకాళ్ల దాకా నీళ్లు. రెండు దెబ్బలు కొట్టాడు. పంపు తిరగలేదు. సెల్లు లైటు వేశాడు. ఫ్లోటు నీళ్ల అడుగునే ఉంది. ఎవరో కిందికి కట్టేసినట్టు.

అలా కట్టేయడం బెన్నీకి తెలుసు. కిందటి నిషేధంలో సీమోను కాపలా పడుకునే బోటులో నీరూరి, పంపు మాటిమాటికీ తిరిగి బ్యాటరీ దిగిపోయేది. దాన్ని ఛార్జింగుకు బజారు దాకా మోసుకెళ్లడానికి బద్ధకించి, నీలం నైలాను దారంతో ఫ్లోటును కట్టేశాడు బెన్నీ. సీమోనుకు చెప్పడం మరిచాడు. ఆ రాత్రి గాలివానకు బోటు ఒడ్డునే మునిగింది; పంపు చూడ్డానికి అడుగుకు దిగిన సీమోను, మూత పడి లోపలే చిక్కుకున్నాడు. తెల్లారి శవాన్ని తీయడానికి ముందు దిగింది తనే. దారం కోసి పారేసి, పంపు కాలిపోయిందని అందరికీ చెప్పాడు. మూత లోపలి వైపు చెక్క మీద స్పానరు గుర్తులు చూశాడు. మూడేసి, మూడేసి... వాటి సంగతీ ఎవరికీ చెప్పలేదు.

నీళ్లు నడుము దాటాయి.

"కట్టింది నేనే బావా," గుసగుసగా అన్నాడు. "నేనే. చెప్పుకోలేకపోయాను."

పైన తడి అడుగుల చప్పుడు. మూత దగ్గర ఆగింది.

బెన్నీ మూడు దెబ్బలు కొట్టాడు.

మూత తెరుచుకుంది. ఎవరూ కనపడలేదు. సన్నగా ఏదో దిగుతోంది... తాడే అనుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

నీలం నైలాను దారం. చివర ఉన్న ముడి తను వేసిందే.

అప్పుడు కాళ్ల కింద, చెక్కకు అవతల, సముద్రం వైపు నుంచి ఎవరో కొట్టారు.

ఒకటి... రెండు...

మూడు.